ఆన్‌లైన్‌లో కొనే పాత కాస్ట్యూమ్ బొమ్మలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు పాత కాస్ట్యూమ్ బొమ్మలు పోగుచేసేవాళ్ళు పదే పదే అడిగే సందేహాలివి. బొమ్మ దేంతో చేసిందో తెలుసుకోకుండా తడిబట్ట కూడా తగిలించొద్దన్నది మా గట్టి మాట. కింద చెప్పినవి చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## కొనే ముందు

కాస్ట్యూమ్ బొమ్మ అంటే ఏది? బార్బీ, కొండపల్లి బొమ్మ కూడా అందులోకే వస్తాయా?

ఒక ప్రాంతం, ఒక నాట్యం, ఒక వృత్తి లేదా చరిత్రలో ఒక మనిషి వేషం చూపించడానికి చేసిన బొమ్మ కాస్ట్యూమ్ బొమ్మ. ఆడుకోవడానికి కాదు, అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి చేసింది. అందుకే బట్టలు చాలావాటికి ఒంటికే కుట్టేసి గానీ, అంటించేసి గానీ ఉంటాయి. ఢిల్లీలో 1965లో మొదలైన శంకర్స్ అంతర్జాతీయ బొమ్మల మ్యూజియం వర్క్‌షాప్‌లో చేసిన పెళ్ళి జంటలు, నాట్య బొమ్మలు మన దేశంలో దీనికి మంచి ఉదాహరణ. స్పెయిన్‌లో చిక్లానా ఊరి మారిన్ కంపెనీ ఫ్లమెంకో (అక్కడి నాట్యం) బొమ్మలు, 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం బొమ్మతో మొదలైన ఇంగ్లండ్ పెగ్గీ నిస్బెట్ బొమ్మలు, అమెరికా మేడమ్ అలెగ్జాండర్ వాళ్ళ 8 అంగుళాల దేశదేశాల బొమ్మలు బయటి నుంచి ఎక్కువగా కనిపిస్తాయి. మామూలు బార్బీ ఆట బొమ్మే. 1980లో మొదలైన దేశాల సిరీస్ బార్బీలను మాత్రం చాలామంది ఈ కోవలో చేర్చుకుంటారు. కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు చెక్క మీద రంగు వేసినవి. వాటి సంరక్షణ పూర్తిగా వేరు.

నెల్లూరు, ఒంగోలు అని పెట్టి వెతికితే ఏమీ రావడం లేదు. ఎట్లా వెతకాలి?

లొకేషన్ చెన్నై అని మార్చండి. నెల్లూరు నుంచి సుమారు 175 కిలోమీటర్లే కాబట్టి పొద్దున రైలుకి వెళ్ళి, చూసి, చేత్తో తెచ్చుకోవచ్చు. పార్సెల్ భయం ఉండదు. ఒంగోలు వాళ్ళకు విజయవాడ దగ్గర. ఇంకో విషయం, అమ్మేవాళ్ళలో చాలామందికి అది కాస్ట్యూమ్ బొమ్మ అని తెలియదు. ‘ఓల్డ్ డాల్’, ‘షోపీస్’, ‘గొలు డాల్’, ‘ఫారిన్ డాల్’, ‘డ్యాన్సింగ్ డాల్’ అని పెడతారు. ఈ మాటలన్నీ అలర్ట్‌గా పెట్టుకోండి. నవరాత్రుల ముందు అడిగేవాళ్ళు ఎక్కువ కాబట్టి బేరం కుదరదు. సంక్రాంతి కొలువు ఎత్తేశాక, ఇళ్ళు ఖాళీ చేసే ఏప్రిల్, మే నెలల్లో చూస్తే మేలు.

అమ్మే ఆయన ఒక్క ఫోటోనే పెట్టారు. ఇంకేం అడగాలి?

పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఈ ఫోటోలు అడగండి: మెడ వెనుక జుట్టు ఎత్తి ఒకటి, వీపు ఒకటి, అరికాళ్ళు లేదా పీట అడుగు ఒకటి, లంగా ఎత్తి లోపలి అంచు ఒకటి, రెండు చేతుల వేళ్ళు దగ్గరగా ఒకటి. కళ్ళు మూసి తెరిచే బొమ్మయితే పడుకోబెట్టి ఒకటి, నిలబెట్టి ఒకటి.

వేళ్ళ ఫోటో తప్పకుండా చూడాలి. విరిగిన వేలును రంగు వేసి కప్పినా ఆ చివర మొద్దుగా, మెరుపు తేడాగా కనిపిస్తుంది. లంగా లోపలి అంచు అడగడానికి కారణం రంగు. బయట వెలిసి లోపల ముదురుగా ఉంటే ఏళ్ళ తరబడి ఎండ తగిలిందని. లోపలా బయటా ఒకేలా తళతళలాడుతుంటే బట్ట కొత్తగా మార్చారేమో చూసుకోండి. కుట్టు దారం మెరిసే పాలిస్టర్ అయి, బట్ట పాత నూలో పట్టో అయితే అనుమానం బలపడుతుంది. చివరగా ‘వాసన ఎలా ఉంది?’ అని రాసి అడగండి. పుల్లగా ఉందా, బూజు వాసనా, సిగరెట్ వాసనా అని విడివిడిగా అడిగితేనే సరైన జవాబు వస్తుంది.

బొమ్మ దేంతో చేసిందో ఎలా కనిపెట్టాలి?

గుడ్డ బొమ్మ: ముఖం మీద నేత కనిపిస్తుంది. లోపల తీగ, దూది, రంపపు పొట్టు లేదా గడ్డి. మన హస్తకళల ఎంపోరియంల పాత బొమ్మల్లో ఇవి చాలా ఎక్కువ. రంగు నీళ్ళకు పోతుంది.

ఫెల్ట్: ఒత్తిన ఉన్ని. ఇటలీలో 1919లో మొదలైన లెంచి బొమ్మలు దీనికి పేరు. చిమ్మెటలు తినేస్తాయి. సూది మొనంత రంధ్రాలు ఉన్నాయేమో బుగ్గల మీద చూడండి.

బిస్క్: మెరుపు లేని పింగాణీ. చెంపకు ఆనిస్తే చల్లగా తగులుతుంది. పగులు ఉందో లేదో చూడాలంటే తల లోపల చిన్న టార్చ్ పెట్టాలి. వెంట్రుకంత గీత కూడా నల్లగా కనిపిస్తుంది.

కాంపొజిషన్: రంపపు పొట్టు, జిగురు కలిపి అచ్చు పోసి రంగు వేసినది. బరువుగా ఉంటుంది. ఎండిన చెరువు నేల మాదిరి సన్నటి నెరియలు పడతాయి. ఉక్కపోత, నీళ్ళు దీనికి శత్రువులు.

సెల్యులాయిడ్: పల్చగా, దాదాపు బరువే లేనట్టు ఉంటుంది. వేలితో కాసేపు రుద్ది వాసన చూస్తే కర్పూరం వాసన వస్తుంది. జర్మనీ షిల్డ్‌క్రోట్ వాళ్ళ తాబేలు ముద్ర ఉన్న పాత బొమ్మల్లో చాలా ఇవే. ఇది క్షణంలో అంటుకుని మండిపోయే పదార్థం. కాలిన సూదితో పొడిచి చూడమని ఎవరైనా చెబితే ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. కర్పూరం డబ్బా పక్కన దాచిన ఏ బొమ్మకైనా ఆ వాసన పడుతుంది కాబట్టి బరువు, పల్చదనం కూడా కలిపి చూడాలి.

గట్టి ప్లాస్టిక్: 1940ల చివర నుంచి బాగా వచ్చింది. గోటితో తడితే టక్కుమంటుంది. నొక్కితే లోపలికి పోదు.

వినైల్: నొక్కితే మెత్తగా పోతుంది, జుట్టు తలలోకి కుట్టి ఉంటుంది. 1950ల నుంచి వచ్చినవి.

‘వందేళ్ళ యాంటిక్’ అంటున్నారు. వయసు మనమే తేల్చుకోగలమా?

సరిగ్గా ఏ సంవత్సరమో చెప్పలేకపోయినా, ఇంతకంటే పాతది కాదని చాలాసార్లు తేల్చవచ్చు. మన దేశపు బొమ్మయితే లేబుల్ మీద చిరునామా చదవండి. ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే ఆ లేబుల్ 1972 ఆగస్టు 15 తరువాతిదే. ఆ రోజే పిన్‌కోడ్ మొదలైంది. ‘మద్రాస్ స్టేట్’ అని ఉంటే 1969కి ముందు అచ్చువేసింది కావచ్చు. ‘మైసూరు’ రాష్ట్రం 1973లో కర్ణాటక అయింది. ‘బొంబాయి’ 1995 దాకా, ‘మద్రాసు’ నగరం 1996 దాకా. పాత లేబుళ్ళు మిగిలిపోయి తరువాత కొన్నేళ్ళు వాడి ఉండొచ్చు కాబట్టి రెండు మూడేళ్ళు అటూ ఇటూ వదిలేయండి.

బయటి బొమ్మలకు దేశం పేరే ఆధారం. ‘పశ్చిమ జర్మనీ’ అంటే 1949 నుంచి 1990 మధ్య. ‘ఆక్రమిత జపాన్’ అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1952 లోపు. ‘చెకోస్లొవేకియా’ అంటే 1992 చివరి లోపు. వినైల్ ముఖం, నైలాన్ జుట్టు ఉన్న బొమ్మను వందేళ్ళది అంటే ఆ బేరం అక్కడితో ఆపేయండి.

బార్బీ వీపు మీద 1966 అని ఉంది. అరవై ఏళ్ళ బొమ్మేనా?

కాదు. అది ఆ శరీరం అచ్చుకు కాపీరైట్ తీసుకున్న ఏడాది. అదే అచ్చుతో దశాబ్దాల పాటు బొమ్మలు తీశారు. 1990లలో కొన్న బార్బీకీ అదే అంకె ఉంటుంది.

సరైన ధర ఎంతో ఎలా తెలుసుకోవాలి?

అమ్మేవాళ్ళు పెట్టిన ధర చూడకండి, అమ్ముడైన ధర చూడండి. ఈబే అనే అమ్మకాల వెబ్‌సైట్‌లో ‘సోల్డ్ ఐటమ్స్’ ఫిల్టర్ పెడితే నిజంగా చేతులు మారిన ధరలు కనిపిస్తాయి. ఒకే బొమ్మవి కనీసం ఐదారు చూసి మధ్యలోది తీసుకోండి. చేతికి కట్టిన ట్యాగ్, పెట్టె, నగలు ఉంటే ఎక్కువ పెట్టవచ్చు. బట్ట మార్చిన కాస్ట్యూమ్ బొమ్మ విలువ బాగా పడిపోతుంది, ఎందుకంటే వేషమే ఆ బొమ్మ. ముఖం కొంచెం గీరుకున్నా అసలు బట్ట ఉన్నదాన్నే మేము ఎంచుకుంటాం.

## డబ్బు, పార్సెల్

ముందు డబ్బు పంపమంటున్నారు. పంపొచ్చా?

ఆ రోజు తేదీ రాసిన కాగితం బొమ్మ పక్కన పెట్టి ఫోటో తీసి పంపమనండి. లేదా వీడియో కాల్‌లో చూపమనండి. బొమ్మ నిజంగా చేతిలో ఉన్నవాళ్ళకు అది రెండు నిమిషాల పని. డబ్బు మీకు ‘తిరిగి వేయడానికి’ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమంటే అది మోసమే. యూపీఐ పిన్ డబ్బు పోవడానికి తప్ప రావడానికి అక్కర్లేదు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆపే అవకాశం అంత.

విదేశం నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ ఎంత పడుతుంది?

బొమ్మ ధర కంటే ఎక్కువ ఖర్చు కూడా కావచ్చు. ఆట బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. దాని మీద ఐజీఎస్‌టీ (దిగుమతుల మీద పడే జీఎస్‌టీ) వేరే. సుంకం బొమ్మ ధర మీదే కాక పోస్టేజీ, ఇన్సూరెన్స్ కూడా కలిపి లెక్క కడతారు. 2021 జనవరి నుంచి ఆట బొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర తప్పనిసరి. వాడిన వస్తువుల దిగుమతి మీద ఆంక్షలు కూడా ఉన్నాయి. కాబట్టి పార్సెల్ ఆగిపోవడం, తిప్పి పంపడం జరుగుతాయి. ‘గిఫ్ట్’ అని రాయిస్తే తప్పించుకోవచ్చనే సలహా వినకండి. 2019 డిసెంబరులో ఆ వెసులుబాటు తీసేశారు, పైగా అది తప్పుడు ప్రకటన. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఇప్పటికే దేశంలో ఉన్న బొమ్మలే కొనండి. గల్ఫ్, సింగపూర్, యూరప్ వెళ్ళి వచ్చినవాళ్ళ ఇళ్ళ నుంచి ఇక్కడ అమ్మకానికి వచ్చేవి తక్కువేమీ కాదు.

ప్యాకింగ్ ఎలా చేయమని చెప్పాలి?

ముఖానికి ముందు మెత్తని తెల్ల కాగితం, ఆ తరువాతే బబుల్ ర్యాప్. బబుల్ ర్యాప్ నేరుగా చుడితే వినైల్ మీద, రంగు మీద గుండ్రటి మచ్చలు పడిపోతాయి. అచ్చు ఇంకు బట్టకు అంటుతుంది కాబట్టి దినపత్రిక కాగితం వద్దు. మూసే కళ్ళ బొమ్మను బోర్లా పడుకోబెట్టాలి. వెల్లకిలా పెడితే కుదుపుకి కళ్ళు తల లోపలికి ఊడిపోతాయి. బిస్క్ తలైతే తలకు విడిగా ఒక చుట్టు. పెట్టెలో అన్నివైపులా 5 సెంటీమీటర్లు ఖాళీ ఉంచి కాగితం ఉండలతో బిగించాలి. ఊపితే కదలకూడదు. ఆ పెట్టెను ఇంకో పెట్టెలో పెట్టి, బయట ప్లాస్టిక్ కవరు.

ఏ నెలల్లో తెప్పించుకోవడం మంచిది?

మన వైపు జనవరి నుంచి మార్చి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుఫాన్లు. పార్సెల్ తడిస్తే గుడ్డ, కాంపొజిషన్ బొమ్మలు పనికిరావు. రోహిణి కార్తె ఎండల్లో వ్యాన్‌లో పెట్టె లోపల వేడికి విగ్గు జిగురు కరుగుతుంది, వినైల్ కాళ్ళు వంగుతాయి.

## ఇంటికి వచ్చాక

పార్సెల్ తెరవగానే ఏం చేయాలి?

అతికించిన టేపు కనిపించేలా మొదలుపెట్టి, ఆపకుండా వీడియో తీయండి. వాపసు గొడవ వస్తే అదొక్కటే నిలుస్తుంది. తరువాత మిగతా బొమ్మల గదిలోకి తీసుకెళ్ళకుండా తెల్ల కాగితం మీద నిలబెట్టి, మూడు వారాలు వేరుగా ఉంచండి. రోజూ కాగితం చూడండి. ఇసుకలాంటి పొడి పడుతుంటే పురుగు ఉందని అర్థం.

పురుగు ఉంది. మందు కొట్టొచ్చా?

వద్దు, మందు మరక పోదు. గుడ్డ, ఫెల్ట్ బొమ్మలనైతే జిప్ కవర్‌లో పెట్టి గాలి తీసి డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. మధ్యలో కరెంటు పోయి కరిగితే లెక్క మళ్ళీ మొదటి నుంచి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పకండి. వెంటనే విప్పితే మన ఉక్కకు బట్ట మీద చెమ్మ పడుతుంది. బిస్క్, కాంపొజిషన్, సెల్యులాయిడ్, గట్టి ప్లాస్టిక్ ఉన్న బొమ్మను ఫ్రీజర్‌లో పెట్టకూడదు. వాటి బట్టల్ని మాత్రం, విడిగా వచ్చేవైతే, పెట్టవచ్చు.

గట్టి ప్లాస్టిక్ బొమ్మ నుంచి వెనిగర్ వాసన వస్తోంది. కడిగితే పోతుందా?

పోదు. కొన్ని 1940, 50ల బొమ్మలు సెల్యులోజ్ అసిటేట్‌తో చేశారు. అది వేడికి, తేమకు విరిగిపోతూ ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. ఒంటి మీద చెమట బిందువుల్లాంటి తడి, కొక్కేల దగ్గర ఆకుపచ్చ తుప్పు, ఒంటికి తగిలే చోట బట్ట పొడిపొడిగా రాలడం దీని గుర్తులు. దీనికి మందు లేదు. ఆ ఆవిరి పక్క బొమ్మల్నీ పాడుచేస్తుంది కాబట్టి వెంటనే విడిగా, గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టండి. మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో పెడితే ఆమ్లం లోపలే ఉండి ఇంకా తొందరగా తినేస్తుంది. బట్టలు విప్పగలిగితే విప్పి కాపాడుకోండి.

## శుభ్రం, రిపేరు

బట్టలు మురికిగా ఉన్నాయి, ఉతకొచ్చా?

ఒంటికి కుట్టినవి, అంటించినవి, పిన్ను కొట్టినవి విప్పకండి. దుమ్ము తీస్తే సగం పని అయినట్టే. వాక్యూమ్ గొట్టానికి దోమతెర ముక్క కట్టి, కనిష్ఠ వేగంలో, బట్టకు తగలకుండా ఒక అంగుళం పైన తిప్పండి.

విడిగా వచ్చే నూలు బట్టలే ఉతకాలి, అదీ రంగు పరీక్ష చేశాక. తెల్ల దూదిని తడిపి లోపలి అంచు మీద అర నిమిషం అదిమి పట్టుకోండి. ఏ రంగుకు ఆ రంగు విడిగా చూడాలి. ఎరుపు, నలుపు ముందుగా దిగుతాయి. దూదికి రంగంటితే ఉతకడం మానండి. బోరు నీళ్ళు వద్దు. మన దగ్గర చాలాచోట్ల ఉప్పదనం, సున్నం ఎక్కువ. ఆరాక తెల్లచారలు పడతాయి. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ గానీ, ఆర్‌ఓ నీళ్ళు గానీ వాడండి. లీటరుకి ఉన్ని బట్టల లిక్విడ్ రెండు మూడు చుక్కలు చాలు. పిండకూడదు, టర్కీ టవల్‌లో చుట్టి అదిమి, నీడలో పరిచి ఆరబెట్టాలి. మడతల దగ్గర చీలికలు చీలికలుగా విడుతున్న పాత పట్టును ఏ నీళ్ళూ తాకనివ్వకండి. తయారీలో బరువు కోసం పట్టుకు ఎక్కించిన లోహ లవణాలే దాన్ని తినేస్తున్నాయి.

జరీ నల్లబడింది. చింతపండు, నిమ్మకాయ పెట్టొచ్చా?

పెట్టొద్దు. పులుపు జరీలో దారాన్నీ తింటుంది, పక్క బట్ట రంగునూ మారుస్తుంది. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి వదిలేయండి. పాత జరీ కొంచెం నల్లగా ఉంటేనే నిజమైనదని కొనేవాళ్ళు నమ్ముతారు.

జపాన్ బొమ్మ తెల్లటి ముఖం మీద మరక. తడిబట్టతో తుడవనా?

ఆగండి. పాత జపాన్ బొమ్మల ముఖాలకు ఆల్చిప్పల పొడిని జంతువుల జిగురుతో కలిపి పూస్తారు. తడి తగిలితే పూత కరిగి వేలికి వచ్చేస్తుంది. ఉమ్ము తడి కూడా చాలు. మెత్తటి పొడి కుంచె తప్ప ఇంకేదీ వద్దు.

చేతులు, కాళ్ళు వేలాడుతున్నాయి. ఎట్లా బిగించాలి?

లోపలి ఎలాస్టిక్ సాగిపోయింది. టైలరింగ్ సామాను షాపులో గుండ్రటి ఎలాస్టిక్ అడగండి. 8 అంగుళాల బొమ్మకు 2 మిల్లీమీటర్లు, 14 అంగుళాలకు 3 సరిపోతుంది. రబ్బరు బ్యాండ్లు వాడకండి. మన ఎండలకు త్వరగా జిగటగా మారి, ఆ జిగట లోపల అంటుకుంటుంది.

విప్పే ముందు ఏ కొక్కెం ఎటు తిరిగి ఉందో ఫోటో తీసుకోండి. చేతులకు ఒక రింగు, తల నుంచి కాళ్ళకు ఇంకొక రింగు. క్రోషా సూదితో ఎలాస్టిక్‌ను ఒక చేతి రంధ్రం నుంచి లాగి రెండో చేతి కొక్కేనికి తగిలించండి. తరువాత కాళ్ళు, చివర తల. ముడి మీద ఒక చుక్క ఫెవికాల్ వేసి ఆరనివ్వండి. చేయి పైకెత్తి వదిలితే అక్కడే నిలవాలి. టప్పున వచ్చి ఒంటికి కొట్టుకుంటే బిగువు ఎక్కువైంది, రంధ్రం అంచు పగులుతుంది.

కళ్ళు మూసుకోవడం లేదు. నూనె చుక్క వేయనా?

వద్దు. నూనె రంగు, రెప్పల జిగురు రెండూ ఊడదీస్తుంది. హెయిర్ డ్రైయర్ కనిష్ఠ వేడిలో ఒక అడుగు దూరం నుంచి అర నిమిషం చూపించి మెల్లగా వంచి చూడండి. సెల్యులాయిడ్, కాంపొజిషన్ బొమ్మలకు ఇది కూడా చేయకూడదు.

చెవి కమ్మల చుట్టూ ఆకుపచ్చ మచ్చ వచ్చింది.

రాగి కలిసిన పోగు వినైల్‌తో కలిసి చేసిన మచ్చ. ముందు పోగు తీసేయండి, లేకపోతే మళ్ళీ వస్తుంది. మొటిమలకు వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్ మచ్చ మీదే సన్నగా రాసి, పైన ప్లాస్టిక్ కప్పి ఒక రోజు ఉంచి తుడవండి. మచ్చ తగ్గేదాకా మళ్ళీ మళ్ళీ చేయాలి. పెదవులకు, కనుబొమలకు తగిలితే రంగు తెల్లబడిపోతుంది, చుట్టుపక్కల చర్మం రంగు కూడా పాలిపోవచ్చు. ఓపిక లేకపోతే మచ్చను అలాగే ఉంచడమే మేలు.

## దాచడం, కొలువు

కలరా ఉండలు వేస్తే పురుగు రాదు కదా?

బొమ్మల దగ్గర వేయకూడదు. వాటి ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది, రంగును జిగటగా చేస్తుంది. ఎండిన వేపాకును పల్చటి గుడ్డలో మూటకట్టి బీరువా మూలన పెట్టవచ్చు, బొమ్మకు తగలకుండా. పురుగును నిజంగా ఆపేది మాత్రం నెలకోసారి ప్రతి బొమ్మనూ తీసి లంగా మడతలు విప్పి చూడటం.

వానాకాలం బూజు పడుతోంది. ఏం చేయాలి?

గాలిలో తేమ 65 శాతం దాటి కొన్నాళ్ళు ఉంటే బూజు వస్తుంది. తేమ చూపించే చిన్న మీటరు బీరువాలో పెట్టండి. 45 నుంచి 55 మధ్య ఉంటే నిశ్చింత. బీరువాను బయటి గోడకు ఆనించకుండా నాలుగు అంగుళాలు జరపండి. వర్షానికి నాని చెమ్మ వచ్చేది ఆ గోడ నుంచే. రంగు మారే సిలికా జెల్ గుడ్డ సంచుల్లో పెట్టి, రంగు మారగానే పాత ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. వంట పాత్రలు, వంట ఓవెన్ దీనికి వాడకండి. ఇప్పటికే బూజు ఉంటే వరండాలోకి తీసుకెళ్ళి, మాస్కు కట్టుకుని, పొడి కుంచెతో దులపండి. ఇంట్లో దులిపితే మిగతా బొమ్మలకు పాకుతుంది.

కొలువులో పెట్టొచ్చా?

తొమ్మిది రోజులు పెడితే నష్టం లేదు, కొన్ని జాగ్రత్తలతో. సెల్యులాయిడ్ బొమ్మను మాత్రం కొలువు మెట్లమీదికి అసలు ఎక్కించకండి. దీపం, కర్పూర హారతి ఉన్న గదిలో అది ఉండకూడదు. మిగతావాటికి దీపం మూడడుగుల దూరం. పసుపు, కుంకుమ బొమ్మకు పెట్టకుండా ముందున్న పళ్ళెంలో పెట్టండి. పాత బట్ట మీద పడిన పసుపు మరక పూర్తిగా పోదు. కనకాంబరాల దండ, తడి పూలు వేయకండి, రంగు దిగుతుంది. వేడెక్కే పాత సీరియల్ బల్బులకు బదులు ఎల్‌ఈడీ వాడండి. పేరంటానికి వచ్చిన పిల్లలు ముట్టుకోవాలనుకుంటారు. వాళ్ళ కోసం కింది మెట్టు మీద కొండపల్లి బొమ్మలో, కొత్త బొమ్మలో పెడితే అందరికీ బాగుంటుంది.

## మళ్ళీ అమ్మేటప్పుడు

రిపేరు చేసిన బొమ్మ అని చెప్పాలా?

చెప్పాలి. ఎలాస్టిక్ మార్చడం ధర తగ్గించదు. రంగు మళ్ళీ వేయడం, బట్ట మార్చడం తగ్గిస్తాయి, దాచితే వాపసు వస్తుంది. కొన్న రోజు ఫోటోలు, అమ్మినవాళ్ళు చెప్పిన వివరాలు, మీరు ఏ తేదీన ఏం చేశారో ఒక చీటీ మీద రాసి బొమ్మతో పాటు ఇవ్వండి. చీటీని ఒంటికి గుండుసూదితో గుచ్చకండి, తుప్పు మరక పడుతుంది. నూలు దారంతో నడుముకు వదులుగా కట్టండి.